నందికొండ పూలు – చలిదేశపు కుండీలు

ఉగాది అనగానే మామిడాకుల తోరణము, వేపపూత, గుమ్మానికి వేలాడే బంతిపూల దండ మన కన్నుల ముందు మెదలక మానవు. కాని ఉత్తరాది చలిదేశాలకు వలస వచ్చిన మన కుటుంబాలకు ఉగాదినాటికి పెరటిలో మంచు యింకా కరిగి వుండదు. పండుగకు కలుసుకున్నప్పుడు మన ఆడవారు ఒకరినొకరు అడిగే మొదటి కుశలప్రశ్నలలో ఒకటి, "వదినా, మీ మల్లె యీ యేడు బ్రతికిందా?" అన్నది. బ్రతికితే సంతోషం. బ్రతకకపోతే, "ఈ దేశపు మట్టికి మన పూలు పడవు లెండి" అని ఒక నిట్టూర్పు.

నిజంగా పడవా? అసలు "మన పూలు" అంటే యేవి? ఈ ప్రశ్నలకు తోటమాలి చెప్పే జవాబు ఒకటి, చరిత్ర చెప్పే జవాబు మరొకటి. రెండింటినీ కలిపి చూడడానికి చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాలకంటె అనువైన చోటు లేదని నా అభిప్రాయం. ఎందుకనగా అక్కడ పూలకూ వలసకూ, చలికీ తోటకూ సంబంధం చాలా పాతది.

ఈ మూడు తాలూకాలూ 2007 వరకు కోలారు జిల్లాలో వుండినవి. ఆ సంవత్సరం చిక్కబళ్ళాపురం ప్రత్యేక జిల్లా అయినది. రాష్ట్రం కర్ణాటకమే అయినా బాగేపల్లి వైపు వీధిలో వినబడేది తెలుగే. చింతామణి తాలూకాలోని కైవారంలో నారేయణ యతీంద్రులు, అనగా మనవారు భక్తితో పిలిచే కైవారం తాతయ్యగారు, తెలుగులోనూ కన్నడంలోనూ తత్త్వాలు పాడినారు. బడిలో కన్నడం, యింటిలో తెలుగు, సంతలో రెండూ. పూలకు సైతం అక్కడ రెండేసి పేర్లు. మనం బంతి అంటే పక్కింటివారు చెండుహువ్వు అంటారు. మన చామంతి వారికి సేవంతిగె. మన మల్లె వారికి మల్లిగె. కనకాంబరం మాత్రం యిద్దరికీ కనకాంబరమే!

నేల సముద్రమట్టానికి రమారమి మూడువేల అడుగుల ఎత్తున వున్నది. అందుచేత రాయలసీమ యెండలు అక్కడ కొంత మెత్తబడతాయి. చిక్కబళ్ళాపురానికి దగ్గరలోనే నందికొండ 1,478 మీటర్ల ఎత్తున నిలిచి వున్నది. ఆ కొండల చుట్టుపక్కలనే ఉత్తర పినాకిని, దక్షిణ పినాకిని, పాలారు, చిత్రావతి, అర్కావతి పుట్టినవి. పినాకిని హిందూపురం మీదుగా మన నెల్లూరు చేరుతుంది; చిత్రావతి బాగేపల్లి దాటి పుట్టపర్తికి పోతుంది. ఇన్ని నదులకు పుట్టినిల్లయిన ఆ నేలలో యేడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. చెరువులూ బావులే దానికి ఆధారం. ఈ సంగతి మనసులో వుంచుకొనండి. వ్యాసం చివర మళ్ళీ దీనితో పని వున్నది.

ఇప్పుడు ఒక విచిత్రం గమనించండి. మనం వెచ్చని దేశం నుండి చలిదేశానికి వచ్చి, మన మొక్కలకు వెచ్చదనం వెతుకుతున్నాము. రెండువందల యేండ్ల క్రిందట చలిదేశం నుండి వెచ్చని దేశానికి వచ్చినవారు తమ మొక్కలకూ తమ ప్రాణాలకూ చలి వెతికినారు. 1791 అక్టోబరులో కారన్‌వాలీసు సేనలు టిప్పు సుల్తాను నుండి నందిదుర్గాన్ని పట్టుకొన్నవి. అది యుద్ధం. తరువాత దొరలు అదే కొండను వేసవి విడిదిగా మార్చుకొన్నారు. 1834 మొదలు 1861 వరకు మైసూరు కమీషనరుగా వున్న మార్కు కబ్బను వేసవికి అక్కడ యిల్లు యేర్పరచుకొన్నాడు. కోటగా వున్న కొండ క్రమంగా తోట అయినది. 1927 వేసవిలో గాంధీగారు జబ్బుపడి కోలుకోవడానికి వచ్చి వుండినది కూడా యీ నందికొండ చల్లదనంలోనే.

బెంగుళూరి లాల్‌బాగు కథ కూడా యిటువంటిదే. 1760లో హైదరాలీ దానిని ఆరంభించినాడు. టిప్పు దూరదేశాల నుండి విత్తులు, మొక్కలు తెప్పించి విస్తరించినాడు. 1800లో ఫ్రాన్సిసు బుకానను అనే వైద్యుడు మైసూరు దేశమంతా తిరిగి, తాను చూచినది గ్రంథంగా వ్రాసి 1807లో ప్రకటించినాడు. బెంగుళూరు తోటలలో సైప్రసు చెట్లు, ద్రాక్ష బాగా పెరుగుతున్నాయనీ, ఆపిలు, పీచు కాయలు కాస్తున్నాయనీ అందులో వున్నది. అంటే చలిదేశపు మొక్కలు పదమూడవ అక్షాంశం మీద బ్రతికినవి. అవి ఊరికే బ్రతకలేదు. ఎత్తయిన నేల, చల్లని రాత్రి, తగిన నీరు, కనిపెట్టి చూచే మనిషి – ఈ నాలుగూ కుదిరితేనే బ్రతికినవి.

కనిపెట్టి చూచే మనుషులలో పలువురు వలస వచ్చినవారే. 1874 నుండి లాల్‌బాగును చూచిన జాన్ కామెరాను పరదేశి. 1908లో ఆ బాధ్యత స్వీకరించిన క్రుంబీగల్ జర్మనీలో పుట్టి, లండను దగ్గరి క్యూ తోటలో పనిచేసి, బరోడా మీదుగా బెంగుళూరు చేరినాడు. ఒక చెట్టు పూత ముగిసేసరికి మరొకటి పూసేటట్లు వీధులకు చెట్లను యెంపిక చేసిన యోచన ఆయనదే. ఆయన 1956లో బెంగుళూరులోనే కన్నుమూసినాడు. పరాయిదేశపు ఋతువులను తన దేశపు ఋతువులతో పోల్చి దుఃఖించక, ఉన్న ఋతువులలో యేది యెప్పుడు పూస్తుందో లెక్క వేసుకొన్న మనిషి ఆయన. వలసవారికి యింతకంటె మంచి పాఠం వున్నదా?

ఇక చలిని జయించిన అద్దం సంగతి. లండనులో నాథానియల్ వార్డు అని ఒక వైద్యుడు వుండేవాడు. 1829లో ఆయన ఒక సీసాలో తడి ఆకుమట్టి వేసి, అందులో సీతాకోకచిలుక జాతి పురుగు గూటిని వుంచి మూత పెట్టినాడు. పురుగు సంగతి యేమో గాని, మట్టిలో నుండి ఒక ఫెర్ను మొక్క, కొంత గడ్డి మొలిచినవి. నగరపు పొగలో బయట చచ్చిపోయే మొక్క, మూసిన సీసాలో బ్రతికినది. పగలు మట్టి నుండి లేచిన ఆవిరి అద్దానికి తగిలి నీరై మళ్ళీ మట్టికే చేరుతున్నది! 1833లో ఆయన రెండు అద్దాల పెట్టెలలో మొక్కలు పెట్టి ఓడలో ఆస్ట్రేలియాకు పంపినాడు. నెలల ప్రయాణం చేసి అవి పచ్చగానే దిగినవి. ఆ తరువాత వార్డు పెట్టెలు ఖండాల మధ్య మొక్కల రవాణానే మార్చివేసినవి. చైనా తేయాకు మొక్కలు హిమాలయ ప్రాంతాలకు చేరినది యీ పెట్టెలలోనే.

ఇంగ్లాండులో అద్దం మీద పన్ను 1845లో రద్దయినది. 1851లో జోసెఫ్ పాక్‌స్టన్ లండనులో స్ఫటికభవనం కట్టించినాడు. దాని పోలికతోనే 1889లో లాల్‌బాగులో అద్దాల మేడకు శంకుస్థాపన జరిగినది. లండనులో అద్దం వెచ్చదనాన్ని పట్టి వుంచడానికి. బెంగుళూరులో పూల ప్రదర్శనకు. ఒకే అద్దం, రెండు దేశాలలో రెండు పనులు! ఈనాడు మన యింటి దక్షిణపు కిటికీ ఒక చిన్న అద్దాలమేడే. దాని గట్టు మీద వుంచిన మల్లె కుండీ వెనుక యింత చరిత్ర వున్నదని పిల్లలకు చెప్పవచ్చును.

ఇప్పుడు "మన పూలు" అన్న మాటను కొంచెం విప్పి చూద్దాము. గుమ్మానికి కట్టే బంతి, అది లేనిదే దసరా జరగదు, మన దేశపుది కాదు. దాని జన్మస్థానం మెక్సికో. పదహారవ శతాబ్దంలో పోర్చుగీసువారి రాకతో యిటు వచ్చినదని పండితుల మాట. పెండ్లిదండలలో గుచ్చే నేలసంపెంగ కూడా మెక్సికోదే. చామంతి చైనాది. అది ఐరోపాకు పోయిన త్రోవ కూడా చరిత్రలో వున్నది: 1789లో బ్లాంకార్డు అనే ఫ్రెంచి వర్తకుడు మార్సేలు రేవుకు తెచ్చినాడు, 1798లో జాన్ స్టీవెన్సు అమెరికాకు తెచ్చినాడు. అంటే అమెరికాలోని తెలుగువారికంటె చామంతి నూరు యేండ్లకు పైగా ముందు వలస వచ్చి స్థిరపడినది. ఇక అచ్చంగా మన దక్షిణ దేశానిది, సింహళానిది అయిన పువ్వు కనకాంబరం. మల్లె కూడా మన ఉపఖండపుదే.

మల్లె చలిదేశం పోవడం కూడా కొత్త కాదు. పదిహేడవ శతాబ్దం చివర గోవా నుండి ముద్దమల్లె మొక్క ఇటలీలో టస్కనీ ప్రభువు తోటకు చేరినదట. అతడు దానిని యెవ్వరికీ యివ్వక కాపలా పెట్టించినాడట. ఒక తోటమాలి తన ప్రియురాలికి పూలచెండు కట్టి యిస్తూ అందులో ఒక మల్లెకొమ్మ చేర్చగా, ఆమె దానిని నాటి, కొమ్మలు అమ్మి, ఆ సొమ్ముతో అతనిని పెండ్లాడినదని కథ. కథలో నిజమెంతో గాని, ముద్దమల్లెకు పడమటి దేశాలలో "టస్కనీ ప్రభువు" అన్న పేరు నేటికీ నిలిచినది. ఈ దేశపు నర్సరీలలో మల్లె కొనదలచినవారు ఆ పేరుతో అడిగితే దొరుకుతుంది.

పూతకు వేడిమి ఒకటే చాలదు. వెలుతురు లెక్క వున్నది. 1920లో అమెరికాలో గార్నరు, అలార్డు అనే యిద్దరు శాస్త్రజ్ఞులు ఒక సత్యాన్ని ప్రకటించినారు: కొన్ని మొక్కలు పగటి పొడవును బట్టి పూస్తాయి. చామంతి అటువంటిది. రాత్రి పొడుగైతేనే అది మొగ్గ తొడుగుతుంది. మన పల్లెలో అది శీతకాలపు పువ్వు కావడానికి కారణం యిదే. ఈ సూక్ష్మాన్ని మన రైతులు బాగా పట్టుకొన్నారు. బెంగుళూరు చుట్టుపక్కల చామంతి పొలాలలో రాత్రిళ్ళు విద్యుద్దీపాలు వరుసగా వెలుగుతుంటాయి. దూరం నుండి చూచేవారు తిరునాళ్ళ అనుకొంటారు. రాత్రిని చిన్నది చేసి, పూతను ఆపి, మొక్కను పెంచి, ధర పలికే నాటికి దీపాలు ఆర్పి పూయించే ఉపాయమది.

చిక్కబళ్ళాపురంలో యేడాదిలోని అతి చిన్న పగలు కూడా సుమారు 11 గంటల 20 నిమిషాలు. టొరంటోలో అది 9 గంటలకు లోపు. లండనులో 8 గంటలకు లోపు. కనుక ఇక్కడ శీతకాలంలో మల్లె పూయలేదని విచారించనక్కర లేదు. దానికి ఆకలి వెచ్చదనం మీద, వెలుతురు మీద. ఆ నెలలలో అది నిద్రపోవాలి. వేసవిలో పగలు 15 గంటలు దాటినప్పుడు మన దేశంలో కంటె యెక్కువ వెలుతురు దానికి దొరుకుతుంది.

అనుభవంలో తేలిన కొన్ని సంగతులు యిక్కడ చేర్చుతున్నాను. మల్లెను కుండీలోనే పెంచవలెను. రాత్రి చలి 10 డిగ్రీల సెంటీగ్రేడుకు దిగక ముందే లోనికి తేవలెను. చలికాలంలో నీరు తగ్గించవలెను. నిత్యం తడి వుంటే వేరు కుళ్ళుతుంది. ఇల్లు వెచ్చచేసే యంత్రపు పొడిగాలికి ఎర్రనల్లి పడుతుంది గనుక వారానికొకసారి ఆకులను నీటితో కడగవలెను. చలికాలం చివర కొమ్మలు కత్తిరిస్తే కొత్త చిగురుకు మొగ్గ వస్తుంది. కనకాంబరానికి యింకా వెచ్చదనం కావాలి. అది కిటికీ మొక్క. దాని యెండిన కాయలను తడిపితే టపటప పేలి విత్తులు చిమ్ముతాయి. పిల్లలకు యింతకంటె మంచి టపాకాయ లేదు. బంతి విత్తులను మంచు కాలం ముగియడానికి ఆరు వారాల ముందు ఇంటిలో చిన్న గిన్నెలలో చల్లి, టొరంటో వంటి చోట మే నెలలో బయట నాటితే వేసవి పొడుగునా పూస్తుంది. చామంతి సంగతి చెప్పనే అక్కరలేదు. చలిని ఓర్చే జాతులు నేలలోనే నిలిచి శరత్కాలంలో పూస్తాయి.

మరొక రహస్యం చెబుతాను. మన కదంబానికి ప్రాణం మరువం. దాని కోసం వూరినుండి వచ్చేవారిని బ్రతిమాలనక్కర లేదు. ఇక్కడి విత్తనాల దుకాణంలో వంటమూలికల వరుసలో మార్జొరం అన్న పేరుతో వుండేది అదే! మధ్యధరా తీరాల నుండి ఒక త్రోవలో మన జడలకు, మరొక త్రోవలో వీరి పులుసులకు చేరినది.

అయితే వేప మాత్రం పట్టు విడవదు. మంచుకు తట్టుకోలేదు, కుండీలో చిన్న మొక్కగా బ్రతికినా ఉగాదికి పూత పూయడం ఆశించరాదు. ఎండబెట్టిన వేపపూతతోనే మన పచ్చడి. ఊరినుండి మొక్కలు, కొమ్మలు పెట్టెలో దాచి తేవడం మాత్రం కూడదు. అమెరికాలో 1912 నుండే మొక్కల దిగుమతిపై చట్టం వున్నది. కరివేపాకు వెంట వచ్చే ఒక చిన్న పురుగు నిమ్మజాతి తోటలనే నాశనం చేసే తెగులును మోసుకొని రాగలదు. మన కూరలో పోపు కోసం మరొకరి తోట యెండరాదు గదా!

ఇంతవరకు చెప్పినది మన కుండీల సంగతి. కాని మన కుండీలకు మూలమైన ఆ నేల సంగతి యేమి? చిక్కబళ్ళాపురం ప్రాంతంలో పూలసేద్యం వేలాది చిన్న రైతులకు జీవనాధారమైనది. బెంగుళూరు అరవై కిలోమీటర్ల దూరం. తెల్లవారుజామున కోసిన పువ్వు పొద్దెక్కకముందే నగరం చేరుతుంది. కాని నీరు? పారే నది లేదని ముందే చెప్పినాను. చెరువులు పూడినవి, బావులు యెండినవి, బోరుబావులు వేయి అడుగులు దాటి దిగినవి. శాశ్వతమైన నీటివసతి కావాలని ఆ ప్రాంతపు రైతులు యేండ్ల తరబడి ఆందోళన చేసినారు. బెంగుళూరు వాడి విడిచిన నీటిని శుద్ధిచేసి హెబ్బాళ–నాగవార లోయ పథకం ద్వారా అక్కడి చెరువులకు తరలిస్తున్నారు. చెరువులు నిండినవని కొందరు సంతోషించినారు. రెండు మెట్ల శుద్ధి చాలదు, మూడవ మెట్టు కూడా కావాలని మరికొందరు పట్టుబట్టినారు. నదుల పుట్టినింట నగరపు మురుగు నీటి కోసం తగవు! నందికొండ మీద పుట్టిన పినాకినికి యింతకంటె వేరే విచారం వుండదు.

2020 సంవత్సరం మార్చి 25వ తేదీ ఉగాది. అదేరోజు కరోనా కారణంగా దేశమంతటా దిగ్బంధం ఆరంభమైనది. గుళ్ళు మూతపడినవి, పెండ్లిళ్ళు ఆగినవి, పూల అంగళ్ళు లేవు. పండుగ ధర కోసం కాపాడుకొన్న పూలను కర్ణాటకంలో ఎందరో రైతులు చెట్టుననే వదలివేసినారు. కొందరు పొలంలోనే దున్నివేసినారు. బియ్యం రేపటికి నిలుస్తుంది, పువ్వు నిలవదు. మనం చలిదేశంలో ఒక కుండీ పోయిందని బాధపడినప్పుడు, ఆ యేడు ఒక పొలమంతా పోయిన ఇంటిని కూడా తలచుకొనవలెను.

చివరగా ఒక మాట. ఏ పువ్వు మనది? బంతి మెక్సికోది, చామంతి చైనాది, మరువం మధ్యధరాది. అయినా యివి మనవి కాకుండా పోలేదు. అరటినార చీల్చి, మూర కొలిచి, ముడి వేసి, జడలో తురిమి, గడపకు కట్టి మన ఆడవారు వాటిని మనవిగా చేసినారు. పువ్వు పుట్టుకతో మనది కాదు, వాడుకతో మనది అవుతుంది. భాష కూడా అంతే. బాగేపల్లి బిడ్డకు బడిలో తెలుగు రాకపోయినా, తల్లి పూలు కడుతూ మాట్లాడిన మాటలతో తెలుగు నిలిచినది. ఏ ప్రభుత్వమూ నిలపలేదు, యే పాఠ్యపుస్తకమూ నిలపలేదు, ఇల్లు నిలిపినది. మన పిల్లలకు కూడా బడిలో తెలుగు లేదు. కాని ఇల్లు వున్నది, కిటికీ వున్నది.

అందుచేత యీ ఉగాదికి ప్రతి కుటుంబమూ ఒక్క గిన్నెలోనైనా బంతి విత్తులు చల్లవలెనని నా మనవి. విత్తు పిల్లల చేత వేయించండి. మొలక, చిగురు, మొగ్గ, పూత, రేక, పుప్పొడి, దండ, మూర, ముడి – ఈ మాటలన్నీ ఆ వేసవిలోనే వారి నోట పలుకుతాయి. తొలి పూలు వచ్చినప్పుడు దారంతోనైనా దండ కట్టడం నేర్పండి. మంచు కురిసి మొక్క పోతుంది, పోనివ్వండి. విత్తులు దాచుకొంటే చాలును. వచ్చే ఉగాదికి మళ్ళీ చల్లుకొనవచ్చును.

సంఘ కుటుంబాలన్నిటికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు. మీ కిటికీలలో మల్లెలు, నందికొండ చెరువులలో నీళ్ళు సమృద్ధిగా వుండుగాక!